గుప్పెడు ఊపిరికి మూడు దేశాల కాపలా

పసిపిల్ల నిద్రలో ఊపిరి తీసుకోవడం మరచిపోతుందేమోనన్నది కోడలి భయం. ఈ లోకంలో ఆమెకు ఇంతకు మించిన భయం లేదు. పాములన్నా, పిడుగులన్నా, అత్తగారి కత్తెర పోగొట్టడమన్నా భయమే గానీ, అవన్నీ దీని ముందు దిగదుడుపు.

ఆ భయం ఊరికే పుట్టలేదు. పిల్ల నెలలు నిండకుండా పుట్టింది. మామగారు మొదటిసారి చూసి "గుప్పెడు కూడా లేదే!" అన్నారు. ఆ రోజు నుంచి దాని పేరు గుప్పెడే అయి కూర్చుంది. ఆసుపత్రిలో గాజుపెట్టెలోంచి తీసి ఇంటికి పంపేటప్పుడు డాక్టరు, "ఇలాంటి పిల్లలు ఒక్కోసారి ఊపిరి తీసుకోవడం మరచిపోతుంటారమ్మా. మీ పాప ఆ దశ దాటేసింది. హాయిగా తీసుకెళ్ళండి" అన్నాడు. అందులో మొదటి ముక్క కోడలి ఒక చెవిలో పడి అక్కడే పాతుకుపోయింది. మిగతా ముక్క రెండో చెవిలోంచి వెళ్ళిపోయింది.

మరచిపోవడం! ఆ మాటే ఆమె కొంప ముంచింది. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసేదాకా కోడలికి ఎక్కాలు నిలిచేవి కావు. టీచరు ఎదురుగా వచ్చి నిలబడితే పన్నెండో ఎక్కం సరే, వచ్చిన రెండో ఎక్కం కూడా పారిపోయేది. ఇప్పుడు చూస్తే పిల్లకి రంగు తండ్రిది, ముక్కు నాయనమ్మది. మతిమరుపు గనక తనదైతే?

అందుకని కళ్ళల్లో వత్తులు వేసుకుని కూర్చునేది. మొదట్లో పిల్ల ముక్కు కింద వేలు పెట్టి చూసేది. వేలికి వెచ్చగా తగిలింది ఊపిరా, తన చెమటా అని అనుమానం వచ్చింది. అప్పుడు అత్తగారి కుట్టుమిషను కింద పడి ఉన్న ఎర్ర దారప్పోగు ఒకటి తెచ్చి పిల్ల ముక్కు దగ్గర పట్టుకుంది. పోగు కదిలింది. హమ్మయ్య. ఫ్యాను గాలికి కదిలిందేమో? ఫ్యాను ఆపింది. అయినా కదిలింది. తన ఊపిరికే కదిలిందేమో? తన ఊపిరి బిగబట్టింది. చెప్పాలంటే ఆ ఇంట్లో ఊపిరి తీసుకోవడం మరచిపోయేది తల్లే గానీ పిల్ల కాదు. గుప్పెడు మాత్రం నోరు తెరుచుకుని దర్జాగా నిద్రపోయేది.

ఈ సంగతి కోడలు ఎవరికీ చెప్పలేదు. వార్డులో నర్సు ఒకామె మంచికే, "తల్లి ప్రశాంతంగా ఉంటేనే బిడ్డ బాగుంటుంది" అంది. కోడలు దాన్ని తిరగేసి చదువుకుంది. తల్లి ప్రశాంతంగా లేదని తెలిస్తే బిడ్డని తీసుకెళ్ళి మళ్ళీ గాజుపెట్టెలో పెట్టేస్తారన్నమాట! అంచేత ఎవరు చూసినా నవ్వేది. ఎవరూ చూడకపోయినా, అలవాటు తప్పకుండా ఉండడానికి, నవ్వేది.

అయినా ఆ ఇంట్లో ఎవరి గోడు వాళ్ళు చెప్పుకునే వీలెక్కడిది? ముందుగదిలో అత్తగారు స్కూలు యూనిఫారాలు కుడుతూ కూర్చుంటుంది. ఎవరిని ఏమడిగినా జవాబు ఆ మిషను దగ్గర నుంచే వస్తుంది. "మావయ్యా, కాఫీ తాగుతారా?" అని కోడలు అడిగితే, "తాగరు, కడుపులో మంట" అని వినిపిస్తుంది. మామగారు సిటీబస్సు నడిపి రిటైరైన మనిషి. కండక్టరు బెల్లు కొడితే తప్ప కదలని జన్మ కాబట్టి ఆయనకి ఇబ్బంది లేదు. భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఇంటికొచ్చేసరికి వాలిపోతాడు. ఆయనకి ఆకలి వేసిందో లేదో కూడా అమ్మే చెబుతుంది.

అటువంటి ఇంటికి ఒక ఉదయం ఒక నర్సు వచ్చింది. భుజానికి బరువైన సంచీ, మొహాన తరగని ఓపిక.

"మాది ఫ్యామిలీ నర్సింగ్ అమ్మా" అంది కుర్చీలో కూర్చుంటూ. "అంటే ఒక్క మనిషినే రోగి అనుకోం. ఇల్లంతా..."

"ఇల్లంతా రోగులమా?" మిషను ఆగింది.

"అలా కాదమ్మా. పిల్లకి జ్వరమొస్తే ఇల్లంతటికీ వచ్చినట్టే కదా..."

"మా ఇంట్లో ఎవరికీ జ్వరాల్లేవు."

"అదే, లేనప్పుడు కూడా..."

"లేనప్పుడు దేనికి వచ్చినట్టు సిస్టరూ?"

నర్సు నీళ్ళు తాగి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. నెలలు నిండని పిల్లలు ఇంటికెళ్ళాక ఆ ఇల్లు ఎలా నెగ్గుకొస్తుందో తెలుసుకోవాలని మూడు దేశాల నర్సులు కలిసి పరిశోధన చేస్తున్నారట. ఒకటి ఇక్కడ, ఒకటి ఎప్పుడూ మంచు కురిసే దేశం, ఒకటి సముద్రం మధ్యన దీవి.

"అంత దూరాన ఉన్నవాళ్ళకి మా గుప్పెడుతో ఏం పని? కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

"పిల్లలు ఎక్కడైనా ఒకటేనమ్మా. తల్లులూ ఒకటే. అత్తలు కూడా..." అని నర్సు మిగతాది మింగేసి సంచీ తెరిచింది. సబ్బుపెట్టె అంత యంత్రం తీసింది. దాన్ని పిల్ల లంగోటీకి తగిలిస్తే, ఊపిరి తీసినప్పుడల్లా పచ్చదీపం మినుకుమంటుంది. ఊపిరి ఆగితే గోల చేస్తుంది. "పరిశోధనలో చేరినవాళ్ళు అది జరిగినన్నాళ్ళూ దీన్ని ఇంట్లో ఉంచుకోవచ్చు. కాకపోతే ఇంట్లో అందరూ మాతో మాట్లాడాలి."

"మేం చేరతాం!"

ఆ గొంతు ఎవరిదా అని అత్తగారు చుట్టూ చూసింది. మామగారు కుర్చీలో కళ్ళు తెరిచారు. ఆ ఇంట్లో అత్తగారికంటే ముందు ఒకరు జవాబు చెప్పడం అదే మొదలు. చెప్పిన కోడలికే చెమటలు పట్టాయి.

పెట్టె ఇంటికి వచ్చింది. ఇక కోడలు నిశ్చింతగా పడుకుంటుందని మీరనుకుంటారు. ఇదివరకు ఒక్కరికే కాపలా, ఇప్పుడు ఇద్దరికి! పిల్ల ఊపిరి తీస్తోందా, పెట్టె పని చేస్తోందా. దీపం వెలిగిందా, వెలిగినట్టు తనకి అనిపించిందా. దారప్పోగుతో పెట్టెను సరిచూసేది, పెట్టెతో దారప్పోగును సరిచూసేది.

"అది చెడిపోదులే" అన్నాడు భర్త ఆవులిస్తూ. "మా లిఫ్టుల్లోనూ ఇలాంటివే పెడతాం. ఫెయిలయ్యే ప్రశ్నే లేదు."

"మరి మీకు రోజూ పనెలా దొరుకుతోంది?"

భర్త ఆవులింత సగంలో ఆగిపోయింది.

మిగతా రెండు దేశాల నర్సులతో వీడియోలో మాట్లాడే రోజు దగ్గరపడేకొద్దీ కోడలి భయం పెరిగింది. మాటల్లో తన గుట్టు బయటపడితే? పెట్టె వెనక్కి పోతుంది. దాని వెనకాలే పిల్లా పోతుంది.

అత్తగారి బెంగ వేరు. "మన ఇంటి పరువు కాదు, దేశం పరువు! మంచు దేశం వాళ్ళు మనల్ని చూసి మూతి విరవకూడదు" అని అందరినీ ముందుగదిలో కూర్చోబెట్టింది. ఎవరి కొలతకు తగ్గట్టు వాళ్ళకి జవాబు కత్తిరించి ఇచ్చింది.

"ఏవండీ, మీరు 'నా ఆరోగ్యం భేషుగ్గా ఉంది' అనండి. అంతే. మంట సంగతి ఎత్తకండి. ఒరేయ్, నువ్వు 'ఇంటిపనిలో సాయం చేస్తాను' అను."

"ఎప్పుడు చేశానమ్మా?"

"చేసేవాడు చెప్పక్కర్లేదురా. చెయ్యనివాడే చెప్పాలి. ఏమ్మాయ్, నువ్వు 'నాకే ఇబ్బందీ లేదు, కంటినిండా నిద్రపోతున్నాను' అను. ఏదీ, ఒకసారి అను."

"నాకే ఇబ్బందీ లేదు. కంటినిండా నిద్రపోతున్నాను" అంటూ కోడలు మామగారి టీలో రెండు చెంచాల ఉప్పు కలిపింది. ఆయన ఒక గుక్క తాగి, ఉప్పు, పంచదార డబ్బాలు మారాయనుకుని ఊరుకున్నారు. బెల్లు కొట్టలేదు కదా.

ఆ రోజు రానే వచ్చింది. అందరూ పెళ్ళిళ్ళకి దాచుకున్న బట్టలు తొడుక్కున్నారు. నర్సు తన ట్యాబ్‌ను కుట్టుమిషను మీద ఆనించి పెట్టింది. తెర మీద రెండు కిటికీలు తెరుచుకున్నాయి, ఒక్కోదాంట్లో ఒక్కో దేశపు నర్సు. ఒకదాంట్లో ఉన్నికోటు వేసుకున్న పెద్దావిడ, ఆవిడ వెనక మంచు. రెండోదాంట్లో పొట్టిజుట్టు పిల్ల, ఆమె వెనక ఎండ, ఎండలో తిరుగుతున్న కోడి. వాళ్ళు మాట్లాడింది నర్సు తెలుగులో చెబుతోంది, వీళ్ళు చెప్పింది వాళ్ళకి చేరవేస్తోంది.

మామగారు గొంతు సవరించుకున్నారు. ఎంత ఆలస్యమైతే అంత మరచిపోతానని ఆయన బెంగ. "నా ఆరోగ్యం..."

"ఒక్క నిమిషం మావయ్యగారూ" అంది నర్సు. "మాకో పద్ధతుంది. ఇక్కడ ఎవరి గురించి వాళ్ళు చెప్పకూడదు. పక్కవాళ్ళ గురించే చెప్పాలి. ఇంట్లో ఒకరినొకరు ఎలా చూస్తున్నారో మాకు అలా తెలుస్తుంది."

అంతే, ఒకరి చొక్కా ఒకరు తొడుక్కున్నట్టయింది అందరి పనీ. అత్తగారి మొహం చూడాలి! ఇన్నాళ్ళూ అందరి తరఫునా తానే చెప్పింది. తీరా అందరికీ సొంత జవాబులు నేర్పించిన రోజున, మూడు దేశాలూ ఏకమై పాత పద్ధతే కావాలన్నాయి.

"చెప్పండి మావయ్యగారూ, మీ ఆవిడ ఆరోగ్యం ఎలా ఉంది?"

ఆయన బస్సు అద్దంలోకి చూసినట్టు తల పైకెత్తి, పక్కనున్న భార్యను ఓరగా చూశారు. "ఆవిడ ఆరోగ్యమా... ఆవిడనే అడగాలి."

మంచు దేశపు పెద్దావిడ పగలబడి నవ్వింది. వాళ్ళాయనా ఇలాగే అంటాడట.

"బాబూ, మీ అమ్మగారి గురించి చెప్పండి."

భర్తకి నేర్పింది ఒకటే ముక్క. దాన్నే అమ్మకి తొడిగేశాడు. "మా అమ్మ ఇంటిపనిలో సాయం చేస్తుంది."

"సాయమా?" అత్తగారు లేచి నిలబడింది. "సాయం చేస్తానట్రా నేను? మరి అసలు పని ఎవడు చేస్తున్నాడురా? పక్కింటివాడా?"

ఇది కూడా నర్సు పొల్లు పోకుండా చెప్పింది. దీవిలో పొట్టిజుట్టు పిల్ల నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. వెనక కోడి కూడా ఆగి చూసింది.

అప్పుడు మంచు దేశపు పెద్దావిడ కళ్ళజోడు సర్దుకుని ఒక ప్రశ్న వేసింది. "ఈ ఇంట్లో అందరికంటే తక్కువ నిద్రపోయేది ఎవరు? తమ పేరు చెప్పుకోకూడదు."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, కోడలి చెయ్యి దానంతటదే కళ్ళ కింది నల్లచారల మీదికి పోయింది. అయిపోయింది. ఇప్పుడు చెప్పేస్తారు.

"మా వాడే" అంది అత్తగారు. "ఏ అర్ధరాత్రి ఎవడు లిఫ్టులో ఇరుక్కున్నా వీడే పోవాలి."

"మా అమ్మే" అన్నాడు భర్త. "స్కూళ్ళు తెరిచే రోజులు, మిషను ఆగదు."

"గుప్పెడు" అన్నారు మామగారు. "లేస్తూనే ఉంటుంది కదా."

ఎవరూ ఆమె పేరు చెప్పలేదు. గండం గడిచింది. సంతోషించాలి కదా? సంతోషించింది కూడా. ఆ సంతోషం వెనకాలే, ఎందుకో, చెప్పులో రాయిలాంటిదొకటి గుచ్చుకుంది. ఇంతమందిలో ఒక్కరికీ కనబడలేదా?

"నువ్వు చెప్పమ్మా" అంది నర్సు. "నీకంటే తక్కువ... అదే, అందరికంటే తక్కువ నిద్రపోయేదెవరు?"

కోడలు ఆలోచించింది. ఉయ్యాలలో పచ్చదీపం మినుకుమంటోంది. మినుకు, మినుకు. గదిలో ఇంతమంది ఉన్నారు. ముగ్గురు నర్సులు చూస్తూనే ఉన్నారు. ఇంతమంది కాపలా ఉండగా ఒక్క రెప్పపాటు...

"అదీ సిస్టర్... మా ఇంట్లో..." అంది.

ఆ తర్వాత జరిగింది ఆమెకు తెలియదు. అత్తగారు ఒకలా చెప్పింది, మామగారు ఒకలా, భర్త ఒకలా. మూడు ముక్కలూ కలిపి కుట్టుకుంటే తేలింది ఇది.

కోడలి తల మెల్లగా వాలి అత్తగారి భుజం మీద పడింది. సిగ్గుపడుతోంది కాబోలు అనుకుంది అత్తగారు. అదే సమయానికి ఉయ్యాలలో గుప్పెడు కాలు జాడించింది. పెట్టె ఊడి కిందపడింది. పడి, గోల మొదలుపెట్టింది. అది మామూలు గోల కాదు. వీధి చివర కుక్కలు బదులు పలికాయి.

భర్త ఎగిరి గది మధ్యలో నిలబడి, వృత్తిధర్మం కొద్దీ, "ఎవరూ కంగారుపడకండి! తలుపు తెరవడానికి ప్రయత్నించకండి! మనిషి వస్తున్నాడు!" అని అరిచాడు. మంచు దేశంలో పెద్దావిడ లేచి నిలబడింది. దీవిలో పొట్టిజుట్టు పిల్ల తెరలోంచి దూకేలా ముందుకొచ్చింది. నర్సు ఉయ్యాల దగ్గరికి పరుగెత్తేలోపే, ఏ బెల్లూ లేకుండా, మామగారు లేచి పిల్లని చేతుల్లోకి తీసుకున్నారు. గుప్పెడు బొటనవేలు నోట్లో పెట్టుకుని అందరినీ విసుగ్గా చూసింది.

"బండి బానే ఉంది" అన్నారాయన. "హారనే ఊడింది."

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. అత్తగారు తప్ప. ఆమె భుజం మీద తల అలాగే ఉంది.

పెట్టె ఇంకా అరుస్తూనే ఉంది. గిన్నె పడితే ఉలిక్కిపడే కోడలు, పక్కింటి తుమ్ముకి లేచి కూర్చునే కోడలు, ఇంత గోలకి ఉలకలేదు, పలకలేదు.

"అమ్మాయ్" అంది అత్తగారు. "అమ్మాయ్!" కదిపింది. లేవలేదు. కోడలి పిడికిట్లో ఎర్రగా ఏదో కనిపించింది. దారప్పోగు. మిషను దగ్గర పారేసిన దారాలు ఏరుకునే పిల్లల్లా కోడలు ఎందుకు ఎప్పుడూ దీన్ని పట్టుకు తిరుగుతుందో అత్తగారికి అప్పుడు తట్టింది. ఉయ్యాల దగ్గర ఆ పోగు పట్టుకుని వంగి నిలబడ్డ కోడలిని ఎన్నిసార్లు చూసిందో. పిల్లని ఆడిస్తోంది కాబోలు అనుకుంది ప్రతిసారీ.

ఆ పోగు తీసి కోడలి ముక్కు దగ్గర పట్టుకుంది. తన ఊపిరి బిగబట్టింది.

పోగు కదల్లేదు. నర్సు పెట్టెను ఆపింది. మూడు దేశాలూ నిశ్శబ్దమయ్యాయి.

అప్పుడు కోడలు గురక పెట్టింది. చిన్నా చితకా గురక కాదు. పోగు ఎగిరి అత్తగారి ముక్కు మీద పడింది.

"ఆమె ఏమంది?" అని అడిగింది దీవి నుంచి పొట్టిజుట్టు పిల్ల.

"ప్రశ్నకి జవాబు చెప్పింది" అంది నర్సు.

అత్తగారు కదల్లేదు. మెడ పట్టేస్తున్నా, భుజం మొద్దుబారుతున్నా కదల్లేదు. "ఒక్క కుట్టు పక్కకి పోతే ఈ మూల నుంచి కనిపెడతాను" అంది, ఎవరితో అంటోందో తెలియకుండా. "ఇది నాకు కనబడలేదేంటి?" ఆ తర్వాత ఆమె జన్మలో ఎన్నడూ అననిది ఒకటి అంది. "నాకేం జవాబు తెలియట్లేదు సిస్టరూ. మీరే చెప్పండి, ఏం చెయ్యమంటారు?"

"ప్రస్తుతానికి మీరు కదలకపోతే చాలు" అంది నర్సు గుసగుసగా. మంచు దేశంలోనూ గుసగుసలే, దీవిలోనూ గుసగుసలే. అంత దూరాల నుంచి అరిచినా లేవదని తెలిసి కూడా.

కోడలు లేచేసరికి కిటికీలో ఎండ వాలిపోయింది. తల కింద అత్తగారి భుజం లేదు, దిండు ఉంది. లేవగానే ఉయ్యాల వంక చూసింది. ఖాళీ! పెట్టె కూడా లేదు! తీసుకెళ్ళిపోయారు! వీధి గుమ్మంలోకి పరుగెత్తింది.

"మెల్లగా!" అన్నారు అక్కడ కుర్చీ వేసుకున్న మామగారు. గుప్పెడు ఆయన ఒళ్ళో ఉంది. పెట్టె లంగోటీకి ఉంది. "డ్యూటీలో ఉన్నాను. కనబడట్లేదా?"

కోడలు అక్కడే కూలబడి ఏడ్చేసింది. ఏడుస్తూనే అంతా చెప్పేసింది. మరచిపోయే జబ్బు, ఎక్కాలు, దారప్పోగు, గాజుపెట్టె, నవ్వు. నర్సు ఇంకా వెళ్ళలేదు. పక్కన కూర్చుని విన్నది. "పిల్లని తీసుకెళ్ళడానికి రాలేదమ్మా నేను. పాప ఊపిరి ఎప్పుడో దార్లో పడింది. నమ్మకం కుదరకపోతే నాకు ఎప్పుడైనా ఫోన్ చెయ్యి. నిద్రపట్టకపోయినా చెయ్యి. దానికీ వైద్యం ఉంది."

అత్తగారు మెడ పట్టుకుని మూలుగుతూ వచ్చింది. "నాకు తెలీకడుగుతాను, ఇంతమందిమి ఉండగా అంత భయాన్ని నువ్వొక్కదానివే కూర్చుని తినేస్తావా? మాకో ముద్ద పంచిపెట్టొద్దూ?"

ఆనాటి నుంచి ఆ ఇంట్లో కాపలా వంతులవారీ అయింది. మామగారికి ప్రాణం లేచొచ్చినట్టయింది. వంతు మారేటప్పుడు, బస్సు మరో డ్రైవరుకి అప్పగించినట్టే పిల్లని అప్పగించేవారు. "బండి కండిషన్‌లో ఉంది. బ్రేకులు సరే. ఒకసారి తుమ్మింది. డీజిలు పట్టించాలి" అని చెప్పనిదే చేతులు వదిలేవారు కాదు. భర్త ఇంటిపనిలో నిజంగానే సాయం చేశాడు. మొదటి రోజు చేసిన సాయాన్ని బాగుచెయ్యడానికి అత్తగారికి రెండో రోజు పట్టింది.

కొన్నాళ్ళకి నర్సు ఒక కబురు మోసుకొచ్చింది. మిగతా రెండు దేశాల్లోనూ ఇప్పుడు ఏ ఇంటికెళ్ళినా పిల్లని చూడక ముందే, "ఇక్కడ కాపలా కాసేవాళ్ళకి కాపలా ఎవరు?" అని అడుగుతున్నారట. దీవిలో ఒక తల్లి ఆ ప్రశ్న పూర్తయ్యేలోపే తలుపుకి ఆనుకుని నిలబడే నిద్రపోయిందట. మంచు దేశపు పెద్దావిడ ఎర్ర దారప్పోగు ఒకటి పంపమని అడిగిందట. అత్తగారు పోగు పంపితే పరువేం ఉంటుందని ఏకంగా దారపుండ పంపింది.

కోడలి భయం పోయిందంటే అబద్ధమే. కొండంత భయం గుప్పెడయింది, అంతే. ఇప్పటికీ లేచి వెళ్ళి చూస్తుంది. చూస్తే పిల్ల దగ్గర అత్తగారు నోరు తెరుచుకుని నిద్రపోతూ ఉంటుంది, వంతు ఆవిడదే అయినా. కోడలు ముందు పిల్ల ముక్కు దగ్గర పోగు పెడుతుంది. తర్వాత, ఎందుకైనా మంచిదని, అత్తగారి ముక్కు దగ్గర. రెండూ కదిలాక వచ్చి పడుకుంటుంది.

ఇదంతా చదివారు కదా, మీకో చిన్న పని. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో, పై అంతస్తులోనో పసిబిడ్డ ఉంటే ఒకసారి వెళ్ళి చూసి రండి. పిల్ల బుగ్గలు ఎక్కడికీ పోవు, వాటిని తర్వాత గిల్లవచ్చు. ముందు ఆ తల్లి మొహంలోకి చూడండి. "బానే ఉన్నాను" అని నవ్వితే నమ్మకండి. పిల్లని కాసేపు మీ ఒళ్ళోకి తీసుకుని, ఆమెను పడుకోమనండి. గురక వినబడేదాకా కదలకండి.